దస్తావేజుపై సంతకము ఎవరి కంట పడవలెను?

పత్తి తీతలు ముగిసి, మిరప కల్లములు ఎత్తిన పిమ్మట మన పల్లెలలో పొలముల క్రయవిక్రయములు సాగుట వాడుక. అమ్మినవారు, కొన్నవారు సబ్ రిజిస్ట్రారు కచేరీకి పోయి సంతకములు చేసి, వేలిముద్రలు వేసి వచ్చెదరు. అటుపై ఆ సంతకము ఎక్కడ ఉండును, ఎవరు చూడగలరు అను ప్రశ్నను పంచాయతీ సభ్యులు ఆలోచింపవలసి యున్నది.

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టము ప్రకారము, స్థిరాస్తి దస్తావేజులు నమోదగు ఒకటవ పుస్తకమును రుసుము చెల్లించి ఎవరైనను పరిశీలింపవచ్చును. ఒకే చేనును ఇద్దరికి అమ్ము మోసమును అరికట్టుటకు ఇది అవసరమే. 2001లో వచ్చిన సవరణచే ఫోటో, వేలిముద్రలు కూడ తప్పనిసరి అయినవి. మన రాష్ట్రమున 1998 నుండి ఈ కచేరీలలో కంప్యూటర్లు ప్రవేశించినవి. పూర్వము నకలు కావలసినవాడు నరసరావుపేటకో, అద్దంకికో స్వయముగా పోయి అర్జీ పెట్టవలసి వచ్చెడిది. గుమాస్తా వాని మొగము చూచెడివాడు. నకలు ఇంటర్నెట్టులో దొరకు చోట ఆ అడ్డు లేదు.

2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లా ధర్మారములో సిమ్ కార్డుల వ్యాపారి ఒకడు పట్టుబడెను. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటు నుండి దస్తావేజులను దింపుకొని, వానిపైని వేలిముద్రలకు నకిలీ అచ్చులు పోసి, పరుల పేర వేలకొలది సిమ్ కార్డులను తెరిపించినాడని పోలీసులు తేల్చిరి. ఆధార్ వేలిముద్రతో బ్యాంకు సొమ్ము తీయు పద్ధతి వచ్చిన ఈ దినములలో, మిరపకాయలమ్మిన డబ్బు ఇట్లు పోవుట కష్టము కాదు. రహస్య సంఖ్య బయటపడిన మార్చుకొందుము. బొటనవ్రేలిని మార్చుకొనుట ఎట్లు?

వ్యక్తి గోప్యత రాజ్యాంగమున 21వ అధికరణము క్రింద ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి వ్యాజ్యములో సుప్రీం కోర్టు న్యాయమూర్తులు తొమ్మండుగురును ఏకగ్రీవముగా తీర్పు చెప్పిరి. 2023లో వ్యక్తుల డిజిటల్ సమాచార రక్షణకు పార్లమెంటు చట్టము చేసినది. ప్రభుత్వ సంస్థలకు ఇందు మినహాయింపులు కలవు. అంతమాత్రమున దాచినవారి బాధ్యత తగ్గునని మేము తలపము.

ఆ బాధ్యత పంచాయతీకిని కలదు. లబ్ధిదారుల ఆధార్ నకళ్లను, సంతకముల జాబితాలను ఫోటో తీసి వాట్సాప్ గుంపులలో పెట్టరాదు. సర్పంచి, కార్యదర్శుల డిజిటల్ సంతకముతోనే ఇ-గ్రామ్‌స్వరాజ్‌లో చెల్లింపులు జరుగును. ఇది సంతకపు బొమ్మ కాదు. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టము గుర్తించిన సంతకము. ఆ సాధనమును రహస్య సంఖ్యతో సహా పరుల చేతికిచ్చుట ఖాళీ చెక్కుపై సంతకము చేసి ఇచ్చుటయే.

ఊరివారు తమ వేలిముద్రలకు ఎంఆధార్ యాప్‌లో తాళము వేసికొనవచ్చును. వేలిముద్ర వేసి రేషను తీసికొను నాడు మాత్రము తాళము తీయవలెను. సొమ్ము పోయినట్లు తెలిసిన వెంటనే 1930కి ఫోను చేసి, పిమ్మట బ్యాంకుకు వ్రాతమూలకముగా తెలుపవలెను.