యువ పరిశోధకులకు అండగా ఏఎన్‌ఆర్‌ఎఫ్

కొత్తగా అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరినవారికి ఆలోచనలకు కొదవ ఉండదు. పరికరాలకు, రసాయనాలకు, పరిశోధక సహాయకుల జీతాలకే డబ్బు దొరకదు. అనుభవం చూపించనిదే నిధులు రావు, నిధులు లేనిదే అనుభవం రాదు. అందుకే తొలి గ్రాంటుకు అంత విలువ. దేశంలో ఆ గ్రాంటు ఇచ్చే బాధ్యత ఇప్పుడు అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్‌ది (ఏఎన్‌ఆర్‌ఎఫ్).

2023 నాటి చట్టంతో ఏర్పడిన ఈ సంస్థ, 2008 చట్టం కింద వచ్చిన సైన్స్ అండ్ ఇంజినీరింగ్ రీసెర్చ్ బోర్డు (సెర్బ్)ను తనలో కలుపుకుంది. పాలకమండలికి ప్రధానమంత్రి అధ్యక్షులు. సైన్స్-టెక్నాలజీ, విద్యాశాఖల కేంద్రమంత్రులు ఉపాధ్యక్షులు. కార్యనిర్వాహక మండలికి నేతృత్వం ప్రధాన శాస్త్రీయ సలహాదారుది. రెండు మండళ్లకు అధిపతులు వేర్వేరు; పోటీ పరీక్షల్లో తికమక పెట్టేది ఇక్కడే. 2023-28 మధ్య అంచనా వ్యయం రూ.50,000 కోట్లు, ఇందులో అధిక భాగం ప్రభుత్వేతర వనరుల నుంచే రావాలి.

కొత్త అధ్యాపకులకు తొలి గ్రాంటుగా ప్రైమ్ మినిస్టర్ ఎర్లీ కెరీర్ రీసెర్చ్ గ్రాంట్ 2024లో మొదలైంది. మూడేళ్లకు గరిష్ఠంగా రూ.60 లక్షలు, నిర్వహణ ఖర్చులు అదనం. సెర్బ్ కాలంనాటి స్టార్టప్ రీసెర్చ్ గ్రాంట్ రెండేళ్లకు రూ.30 లక్షలే. ప్రయోగశాల నిలదొక్కుకోవడానికి ఆ అదనపు ఏడాది ఎంతో అవసరం. ఇంకా శాశ్వత ఉద్యోగం రాని పీహెచ్‌డీ పట్టభద్రులకు నేషనల్ పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్ ఉంది.

రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు చేయూతనిచ్చే 'పెయిర్' పథకంలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఒక హబ్ (మార్గదర్శక సంస్థ). పోటీ పరీక్షలకు సిద్ధమయ్యేవారు సంస్థ చట్టం, అధ్యక్షుడు, గ్రాంటు మొత్తం, కాలపరిమితి: ఈ నాలుగూ తప్పక గుర్తుంచుకోండి.