తెలియని నంబరు నుండి వచ్చు ఫోన్లు: గ్రామస్థులు గ్రహింపవలసిన సంగతులు

పూర్వము మన గ్రామములలో క్రొత్తవాడు ఇంటికి వచ్చినచో, ‘ఏ ఊరు? ఎవరి తాలూకు? ఏ పనిమీద వచ్చినారు?’ అని అరుగుమీదనే విచారించిన పిదప లోనికి రానిచ్చెడివారు. నేడు క్రొత్తవాడు వాకిట నిలువకయే, చేతిలోని ఫోను ద్వారా తిన్నగా ఇంటిలోనికి ప్రవేశించుచున్నాడు. కనుక అరుగుమీది ఆ విచారణనే ఫోను విషయమునందును పాటింపవలసియున్నది.

ఫోన్లలో రకములు

తెలియని నంబరు నుండి వచ్చిన ప్రతి ఫోనును మోసమనుకొనరాదు. అది ఆసుపత్రి నుండియో, పిల్లల పాఠశాల నుండియో రావచ్చును. రెండవ రకము వ్యాపార ప్రకటనలు. వీనికి 140తో మొదలగు నంబర్లు కేటాయింపబడినవి. బ్యాంకులు, ప్రభుత్వ శాఖలు మున్నగువాని సేవలకు సంబంధించిన ఫోన్లకై 1600తో మొదలగు వరుస ఏర్పరుపబడినది. ప్రకటనలు అక్కరలేనివారు 1909కు ఫోను చేసి ఆ కోరికను నమోదు చేయించుకొనవచ్చును. మూడవ రకమే మోసపు ఫోన్లు.

మోసమును గుర్తించుట ఎట్లు?

ఒక రైతు ధాన్యము అమ్మిన సొమ్ము ఖాతాలో జమయైనదనుకొందము. ఆ సాయంకాలమే ఒక ఫోను వచ్చును. ‘బ్యాంకు నుండి మాట్లాడుచున్నాము. మీ కె.వై.సి. పూర్తి కాలేదు. ఈ రాత్రితో ఖాతా నిలిచిపోవును. మీ ఫోనునకు వచ్చిన ఆరంకెలు చెప్పుడు’ అని అవతలివాడు మర్యాదగా పలుకును. రైతు పేరును, ఊరును కూడ సరిగా చెప్పును. పేరు తెలిసినంత మాత్రమున వాడు బ్యాంకు ఉద్యోగి కాడు. ఆ ఆరంకెలే ఓ.టి.పి.; అది గాదెకు తాళపుచెవి వంటిది. దానిని అన్యులకు చెప్పుమని ఏ బ్యాంకును అడుగదు.

ఇట్టి ఫోన్లకు సామాన్యముగా మూడు లక్షణములుండును: భయముగాని ఆశగాని కల్పించుట, తొందరపెట్టుట, ఎవరికిని చెప్పవద్దనుట. అప్పుడు రైతు ఈయవలసిన సమాధానము ఒక్కటే: ‘రేపు బ్యాంకునకే వచ్చి మాట్లాడెదను.’ నిజమైన ఉద్యోగికి ఆ మాటవలన నష్టము లేదు. మోసగానికి మాత్రము ఆ వ్యవధి గిట్టదు.

మరికొన్ని ఎత్తుగడలు

‘మీకు డబ్బు పంపుచున్నాము, పిన్ నొక్కుడు’ అనువారు కలరు. యు.పి.ఐ.లో పిన్ నొక్కుట మన సొమ్ము ఇతరులకు పంపుటకే. సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ అవసరము లేదు. పి.ఎం. కిసాన్ సొమ్ము ఏటా 6,000 రూపాయలు, మూడు విడతలుగా, నేరుగా ఖాతాలోనే జమయగును. అందుకై ఫోనులో ఎవరికిని రుసుము చెల్లింప పనిలేదు. ఆ పథకముల పేరిట వాట్సాప్‌లో వచ్చు ఏ.పి.కె. ఫైళ్లను తెరువరాదు.

ఒక్కమారు మ్రోగి ఆగిపోవు విదేశపు నంబర్లకు తిరిగి ఫోను చేయరాదు. మన దేశపు సంకేతము +91. ఇతర సంకేతముతో ఫోను వచ్చినప్పుడు, విదేశమున మనవారెవరైన నున్నారా యని ముందు ఆలోచింపవలెను.

పోలీసు దుస్తులతో వీడియోలో కనిపించి, ‘డిజిటల్ అరెస్టు చేసితిమి, గది విడిచి కదలరాదు’ అని వృద్ధులను బెదిరించువారును కలరు. ఇట్టి అరెస్టు మన చట్టములలో ఎచ్చటను లేదు. 2024 అక్టోబరులో ప్రధానమంత్రి తమ రేడియో ప్రసంగమునందు ఈ సంగతినే ప్రజలకు తెలిపిరి.

సొమ్ము పోయినచో

వెంటనే 1930కి ఫోను చేయవలెను. బ్యాంకు పేరు, ఖాతా నంబరు, పోయిన మొత్తము, సమయము, లావాదేవీ నంబరు చెప్పవలెను. మోసగాండ్రు సొమ్మును ఒక ఖాతా నుండి మరియొక ఖాతాకు త్వరత్వరగా మార్చెదరు. సొమ్ము బయటికి పోకముందే సంబంధిత బ్యాంకులకు వార్త చేరినచో దానిని నిలిపివేయు అవకాశముండును. కనుక తెల్లవారనిమ్మని ఊరకుండరాదు. తమ బ్యాంకునకు కూడ ఆ క్షణమే తెలుపవలెను. సొమ్ము పోకున్నను అనుమానాస్పదమైన ఫోను వచ్చినచో, సంచార్ సాథీలోని ‘చక్షు’ విభాగమున తెలుపవచ్చును.

ఇంటివారి కర్తవ్యము

మోసపోయిన పెద్దలు సిగ్గుచేతను, పిల్లలు కోపగింతురను భయముచేతను సంగతి దాచుట కలదు. అట్లు దాచిన ప్రతి గంటయు మోసగానికే లాభము. కావున ఇంటివారు ‘ఎందుకు చెప్పితివి?’ అని నిందింపక, ‘ఎప్పుడు జరిగినది?’ అని అడిగి 1930కి ఫోను చేయించుట యుక్తము. చదువుకొన్న యువకులు ఈ నంబరును తమ ఇంటి పెద్దల ఫోనులో నేడే వ్రాసియుంచవలెను.

చర్చింపదగిన ప్రశ్నలు

1. మోసపు ఫోనునకు గల మూడు లక్షణములేవి?
2. సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ నొక్కవలెనా?
3. సొమ్ము పోయిన వెంటనే ఏ నంబరునకు తెలుపవలెను? ఆలస్యమువలన నష్టమేమి?