ముందు పిల్లల మేత సంగతి చూడు

చిన్నా,

నీ ఉత్తరం అందింది. మగ ఫైటర్ చేప నీళ్ల మీద నురగ గూడు కట్టిందని, ఆడదాని ఒంటి మీద నిలువు చారలు తేలినయని, పొట్ట కింద తెల్లని చుక్క కనబడుతోందని, వచ్చే ఆదివారం రెండింటినీ ఒకే టబ్బులో వదులుతానని రాసినవు. మంచిగ గమనించినవు బిడ్డా, ఆ గుర్తులన్నీ సరైనవే. కానీ అంత పెద్ద ఉత్తరంలో పుట్టబోయే పిల్లలు ఏం తింటయో ఒక్క మాట లేదు. పైగా "పిల్లలైనంక కోడిగుడ్డు పచ్చసొన వేస్తడట" అని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. అప్పటి నుంచి నాకు మనసు మనసుల లేదు. ఆదివారం సంగతి జర ఆపు. మన ఇంట్లో అందరికీ ఉన్న తొందర నీకూ వచ్చిందని తెలుసు. అయినా ఇది చదివినంకనే ఏదైనా చెయ్యి.

నేను చెప్పేది ఒక్కటే. జోడీ సిద్ధం కావడం వేరు, నువ్వు సిద్ధం కావడం వేరు. జత కట్టడం ఆ చేపలకు ఎవరూ నేర్పనక్కరలేదు. మగది ఆడదాన్ని చుట్టుకుంటుంది, జారే గుడ్లను నోటితో ఏరి నురగలో పెడుతుంది. అది కొన్ని గంటల పని. అసలు లెక్క ఆ తర్వాత మొదలైతది. నీళ్లు 27, 28 డిగ్రీల వెచ్చదనంలో ఉంటే గుడ్లు ఒకటి రెండు రోజుల్లో పగులుతయి. పిల్లలు తోక కిందికి పెట్టి గూడు కింద వేలాడుతూ, పొట్టకున్న సొనసంచితో ఇంకో రెండు మూడు రోజులు గడుపుతయి. సంచి కరిగి అడ్డంగా ఈదడం మొదలుపెట్టిన రోజే వాటికి ఆకలి పుడుతుంది. అప్పుడు మేత వెతుక్కుంటూ బజారుకు పోతే ఆలస్యమే. ఆ నోరు ఎంత చిన్నదంటే దుకాణంలో దొరికే సన్నపొడి కూడా దానికి పెద్దదే. పైగా ఆ వయసులో అవి కదిలేదాని వెంటే పడతయి గానీ, అడుగుకు చేరిన పొడిని ముట్టవు. కాబట్టి పిల్లలు ఈదే రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టు. వాటి తొలి మేత అయిన ఇన్ఫ్యూసోరియా, అంటే కంటికి ఆనీ ఆనని సూక్ష్మజీవులు, తయారు కావడానికి వారం దాకా పడుతుంది. అంటే జోడీని కలపకముందే ఆ గాజు సీసా నీ కిటికీలో ఉండాలె.

దాని సంగతి వివరంగా రాస్తున్న, విసుక్కోకు. గుప్పెడు వరిగడ్డి తీసుకో. మన దిక్కు పొలాలకు మందులు కొడతరు కనుక కొట్టని చోటి గడ్డి అడిగి తెచ్చుకో, అది కూడా రెండు మూడుసార్లు కడుగు. లీటరు నీళ్లలో ఉడికించి, చల్లార్చి, సీసాలో పోసి, దోమ దూరకుండా పలుచని గుడ్డ కట్టు. పాత అక్వేరియం నీళ్లు ఒక చెంచా అందులో కలుపు, విత్తనం అదే. చెరువు నీళ్లు మాత్రం పోయకు. అందులో హైడ్రా, తూనీగ పిల్ల వస్తే నీ చేపపిల్లలే వాటికి మేతయితయి. మొదటి రెండు మూడు రోజులు నీళ్లు పాలలాగా మారి వాసన వేస్తయి, అది బాక్టీరియా పని. వాటిని తింటూ సూక్ష్మజీవులు పెరిగినకొద్దీ నీళ్లు తేటపడతయి. గ్లాసులో తీసి వెలుతురుకు పడితే తెల్లని నలుసులు తమంతట తాము కదులుతుంటయి, అప్పుడే మేత సిద్ధమైనట్టు. బాక్టీరియా అయిపోగానే ఆ జీవులు కూడా తగ్గిపోతయి, అందుకని మూడు రోజుల తేడాతో రెండో సీసా, మూడో సీసా పెట్టు. పిల్లలు ఈదడం మొదలుపెట్టి నాలుగైదు రోజులు గడిచినంక ఆర్టీమియా అనే సన్న ఉప్పునీటి రొయ్యల గుడ్లు ఉప్పునీళ్లలో పొదిగించి వెయ్యొచ్చు, అవి ఒక రోజులో పగులుతయి. తిన్న పిల్ల పొట్ట నారింజరంగులో కనబడుతుంది, ఎవరినీ అడగనక్కరలేదు. ఈ సీసాలు పెరిగే రోజుల్లోనే జోడీని వేర్వేరుగా ఉంచి దోమపిల్లలతో బలంగా మేపు. దోమపిల్లలను మోరీలోంచి తేకు, మూత ఉన్న బకెట్‌లో పెంచి రెక్కలు రాకముందే ఏరెయ్యి. చేపల సరదాతో వాడకట్టుకు డెంగీ తేవద్దు.

నువ్వు ఏమంటవో నాకు తెలుసు. థాయిలాండ్ వరిమళ్లలో పుట్టే ఫైటర్ పిల్లలను ఎవరు మేపుతున్నరు అంటవు. నిజమే, కానీ ఆ వరిమడే ఒక పెద్ద వరిగడ్డి సీసా. అక్కడి నీళ్ల నిండా మేత ఉంటుంది, అయినా చాలా పిల్లలు బతకవు గనుకనే ఆ చేప అన్ని గుడ్లు పెడుతుంది. నువ్వు కడిగి పెట్టిన టబ్బులో మురికి లేదు, మేతా లేదు. తండ్రి చూసుకుంటడు గదా అంటవు. మన కొర్రమట్టను చూడు. అది తన పిల్లల గుంపును ఎంత కాపలా కాస్తుందో చెరువు మీద బతికేవాళ్లందరికీ తెలుసు. కాపలా కాస్తుంది గానీ అది మేత తెచ్చి నోట్లో పెట్టదు. ఫైటర్ కూడా అంతే. జారిన పిల్లను ఎత్తి గూట్లో పెట్టడం వరకే దాని పని. పిల్లలు ఈదడం మొదలుపెట్టగానే దాన్ని తీసెయ్యాలె, లేకపోతే తన పిల్లలనే మింగొచ్చు. ఆడదాన్ని గుడ్లయిన వెంటనే తీసెయ్యి, లేదంటే మగది దాన్ని కొరికి చంపొచ్చు. ఇక పచ్చసొన. ప్రాణం నిలిపిన సందర్భాలు ఉన్నయి, కాదనను. కానీ తినగా మిగిలిన సొన ఆ కొద్దిపాటి నీళ్లలో గంటల్లో కుళ్లుతుంది. ఆకలి తప్పించబోయి విషం పెట్టినట్టయితది. పది బతికితే చాలు అనకు. ఆకలికి తట్టుకుని మిగిలినవి బలమైనవని కాదు, అవి కూడా గిడసబారిపోతయి.

సరే, అన్నీ బతికినయనుకుందాం. నూరు పిల్లల్లో సగం మగవి అనుకో. రెండు మూడు నెలలకు అవి ఒకదాన్నొకటి కొరుక్కుంటయి, ఒక్కోదానికి ఒక్కో సీసా కావాలె. సీసాకు రెండు లీటర్లంటే, మార్చిన ప్రతిసారీ క్లోరిన్ పోయిన నీళ్లు నూరు లీటర్లు పట్టాలె. మే నెలలో నిర్మల్‌లో ఆ నీళ్లు ఎవరు మోస్తరు, మీ అమ్మనా? ఆమె నడుము నొప్పి నీకు తెలియనిది కాదు. ఎవరికి ఇస్తవో, ఎన్ని ఉంచుకుంటవో ముందే కాగితం మీద రాసిపెట్టు.

మిగిలినవి చెరువులో వదులుతా అని మాత్రం అనకు. ధర్మసాగర్‌లోనూ వద్దు, స్వర్ణ వాగులోనూ వద్దు. అక్వేరియంల నుంచి బయటపడ్డ సక్కర్ చేపలు కృష్ణానదిలో జాలర్ల వలలు చింపుతున్నయి. ఇంత చిన్న ఫైటర్ ఏం చేస్తదంటవా? ఆస్ట్రేలియా ఉత్తర భాగంలో అడిలైడ్ నది పరిసరాల్లో ఇదే ఫైటర్ అడవిపాలై స్థిరపడింది. ఇంకో మాట. మనిషి ఈ చేపను కనీసం 400 ఏళ్లుగా మచ్చిక చేసి పెంచుతున్నడని 2022లో వచ్చిన జన్యు అధ్యయనం చెప్పింది. పొడుగు రెక్కల కోసం మనిషి మలిచిన ప్రాణిని కొంగల ముందు వదిలితే అది దయ ఎట్లయితది?

కాలం కూడా చూసుకో. ఈ చేప గాలి పీల్చే అవయవం పిల్లల్లో మూడు నాలుగు వారాలకు ఏర్పడుతుంది. అప్పుడు నీళ్ల మీది గాలి వెచ్చగా, తేమగా ఉండాలె. మన ఆదిలాబాద్ దిక్కు చలికాలం సంగతి చెప్పేదేముంది, హీటరు, గట్టి మూత లేకుండా అప్పుడు మొదలుపెట్టకు. మృగశిర కార్తె దాటినంక వానల్లో అయితే సగం పని వాతావరణమే చేస్తుంది. టబ్బులో నీళ్లు జానెడు లోతు మించకుండా పెట్టు, గూడు ఆనుకోవడానికి ఒక ఎండిన బాదం ఆకు వెయ్యి.

నిన్ను ఆపుతున్నానని చిన్నబుచ్చుకోకు బిడ్డా. ఒక ప్రాణిని ఇంత శ్రద్ధగా చూసే పిల్లగాడు మన ఇంట్లో ఉన్నందుకు నాకు సంతోషమే. వేళకు అన్నం తిను, రాత్రిళ్లు ఆ టబ్బు ముందే కూర్చోకు. ఆదివారం జోడీని కలపకుండా వరిగడ్డి ఉడకబెట్టు. వారం తర్వాత గ్లాసును వెలుతురుకు పట్టి చూసి, నలుసులు కదులుతున్నయా లేదా నాకు రాయి. కదులుతున్నయని రాసిన రోజు నుంచి నేను అడ్డు చెప్పను.

ఇట్లు,
నీ పెద్దమ్మ