డిస్కు నిండకముందే హెచ్చరిక: ఒక చిన్న షెల్ స్క్రిప్టు పాఠం



మన గోనెగండ్ల మండలంలో హంద్రీ నది మీద ఉన్న గాజులదిన్నె ప్రాజెక్టు మీకందరికీ తెలిసిందే. 1960 నుంచి 1962 దాకా ముఖ్యమంత్రిగా పనిచేసిన మన కర్నూలు జిల్లా బిడ్డ దామోదరం సంజీవయ్య గారి పేరు మీద దాన్ని సంజీవయ్య సాగర్ అంటాం. ఏ జలాశయంలోనైనా నీటిమట్టాన్ని ముందునుంచే కనిపెట్టి ఉండాలి. నీళ్ళు కట్ట అంచుకు వచ్చాక గేట్ల సంగతి ఆలోచిస్తే లాభం లేదు. కంప్యూటర్ డిస్కు కూడా అంతే. ఈ మాట మేము ఆలస్యంగా నేర్చుకున్నాం.

ఈ హాస్టల్ నుంచి వెళ్ళిన మాలో కొందరం సర్వర్లు చూసుకునే ఉద్యోగాల్లో ఉన్నాం. కొన్నేళ్ళ కిందట మేము పనిచేసిన ఒకచోట విద్యార్థుల స్కాలర్‌షిప్ దరఖాస్తులు, కులం, ఆదాయం సర్టిఫికెట్ల కాపీలు అన్నీ ఒకే లినక్స్ సర్వర్‌లో ఉండేవి. గడువుకు ముందురోజు మధ్యాహ్నం దరఖాస్తులు సేవ్ కావడం ఆగిపోయింది. చూస్తే డిస్కు నూటికి నూరు శాతం నిండి ఉంది. దాన్ని నింపినవి దరఖాస్తులు కావు. ప్రోగ్రాం తన పని వివరాలు రాసుకునే లాగ్ ఫైలు నెలల తరబడి పెరిగిపోయింది. దాన్ని సరిచేసేసరికి సాయంత్రమైంది. బస్సు ఛార్జీలు పెట్టుకొని పల్లెల నుంచి వచ్చిన పిల్లలు వరండాలో కూర్చున్నారు. ఆఖరి బస్సు పోతుందని కొందరు వెనక్కి వెళ్ళిపోయారు. మనలాంటి పిల్లలే. తప్పు మాదే, డిస్కును కనిపెట్టి ఉండాల్సింది మేమే.

ఇది చిన్నచోట్ల మాత్రమే జరిగేది కాదు. 2023 ఆగస్టు 29న జపాన్‌లో టయోటా కార్ల కంపెనీవి 14 ఫ్యాక్టరీలు ఆగిపోయాయి. విడిభాగాల ఆర్డర్లు చూసే సర్వర్లలో డిస్కు చోటు చాలకపోవడమే కారణమని ఆ కంపెనీయే ప్రకటించింది.

ఇక పాఠంలోకి వద్దాం. మనం టైపు చేసిన ఆదేశాన్ని అందుకొని పని చేయించేది షెల్. ఆదేశాలను ఒక ఫైలులో వరుసగా రాసిపెడితే అది షెల్ స్క్రిప్టు. ఇక్కడ ఆదేశాల పేర్లు తెలుగులో రాస్తున్నాం. మీరు కంప్యూటర్‌లో ఇంగ్లీషు అక్షరాలతో కొట్టాలి.

మొదటి మెట్టు, కొలవడం. 'డీఎఫ్' అనే ఆదేశం 1971 నాటి మొదటి యునిక్స్ నుంచీ ఉంది. దాని తర్వాత ఖాళీ వదిలి, అడ్డగీత, దాన్ని ఆనుకొని పెద్ద అక్షరం పీ, మళ్ళీ ఖాళీ వదిలి స్లాష్ కొట్టండి. రెండు వరుసలు వస్తాయి. రెండో వరుస ఐదో గడిలో ఉన్నదే నిండిన శాతం.

రెండో మెట్టు, అంకెను విడదీయడం. 'ఆక్' ఆదేశంతో ఆ గడిని మాత్రం తీసుకొని, 'టీఆర్' ఆదేశంతో శాతం గుర్తును తొలగించాలి. గుర్తు ఉండిపోతే పోలిక కుదరదు. వచ్చిన అంకెను ఒక పేరు కింద దాచుకోవాలి.

మూడో మెట్టు, పోల్చడం. 'ఇఫ్' షరతులో ఆ అంకె 80 గాని అంతకు మించి గాని ఉందా అని అడగాలి. చదరపు బ్రాకెట్ల లోపల రెండువైపులా ఖాళీ వదలాలి. కొత్తవాళ్ళు ఎక్కువగా తప్పేది ఇక్కడే. షరతు ముగింపుకు ఆ మాటనే తిరగేసి 'ఎఫ్ఐ' అని రాస్తారు.

నాలుగో మెట్టు, చెప్పడం. షరతు నిజమైతే 'మెయిల్' ఆదేశంతో సర్వర్ పేరు, నిండిన శాతం పంపాలి. ఆ సర్వర్ నుంచి మెయిళ్ళు బయటికి వెళ్ళే ఏర్పాటు ముందే ఉండాలి.

ఐదో మెట్టు, తనంతట తానే నడవడం. 'సీహెచ్‌మాడ్' ఆదేశంతో ఫైలుకు నడిచే అనుమతి ఇచ్చి, 'క్రాన్' పట్టికలో చేర్చాలి. మొదటి గడిలో నక్షత్రం, స్లాష్, 15 రాసి, మిగతా నాలుగు గడుల్లో నక్షత్రాలు పెట్టి, చివర ఫైలు పూర్తి చిరునామా ఇస్తే ప్రతి 15 నిమిషాలకు ఒకసారి నడుస్తుంది.

కొన్ని జాగ్రత్తలు:

1. హద్దు 100 దగ్గర పెట్టకండి. డిస్కు పూర్తిగా నిండితే హెచ్చరిక మెయిలు రాసుకోవడానికి కూడా చోటుండదు. మన హాస్టల్ స్టోరులో ఇంకా బియ్యం మూటలు ఉండగానే ఇండెంట్ పెట్టినట్టు, ముందే తెలియాలి.

2. పావుగంటకొక మెయిలు వస్తే 'నాన్నా పులి' కథ అవుతుంది, ఎవరూ చదవరు. ఒకసారి పంపాక గుర్తుగా చిన్న ఫైలు పెట్టండి. అది ఉన్నంతసేపూ మళ్ళీ పంపకుండా, శాతం హద్దు కంటే తగ్గాక దాన్ని తీసేసేలా రాయండి.

3. హద్దును 1 చేసి ఒకసారి నడిపి చూడండి. మెయిలు వస్తేనే స్క్రిప్టు పనిచేసినట్టు. చూశాక మళ్ళీ 80కి మార్చండి.

4. ప్రోగ్రాం వాడుతున్న లాగ్ ఫైలును చెరిపేసినా చోటు వెంటనే ఖాళీ కాదు. ఆ ప్రోగ్రాంను ఆపి మళ్ళీ మొదలుపెట్టాలి.

5. మెయిలు కనీసం ఇద్దరికి వెళ్ళాలి. ఒకరు సెలవులో ఉంటే రెండోవారు చూస్తారు.

తమ్ముళ్ళారా, ఇదంతా కలిపి పది, పదిహేను వరుసలకు మించదు. లినక్స్ ఉన్న ఏ పాత కంప్యూటర్ దొరికినా రాసి చూడవచ్చు. రాకపోతే సిగ్గుపడకుండా మమ్మల్ని అడగండి, సెలవుల్లో వచ్చినప్పుడు పక్కన కూర్చొని నేర్పిస్తాం. అయితే ఒక్క మాట గుర్తుంచుకోండి. స్క్రిప్టు కేక మాత్రమే వేస్తుంది, లేచి వెళ్ళి చూడాల్సింది మనిషే. రేపు మీరు ఏ సర్వర్ ముందు కూర్చున్నా, ఆ వరండాలో ఎవరి పిల్లలు ఎదురుచూస్తున్నారో ఒకసారి తలచుకోండి.