పొదుగు గంపలో 21 రోజులు

హాస్టల్లో మనకు పెట్టే గుడ్డును కోడి కింద పెడితే పిల్ల అవుతుందా? కింది తరగతుల తమ్ముళ్లు, చెల్లెళ్లు మమ్మల్ని ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న ఇదే. ఉడికిన గుడ్డు సంగతి చెప్పనక్కర్లేదు, పచ్చిగుడ్డయినా కాదు. గుడ్ల కోసం పెంచే ఫారం పెట్టల మధ్య పుంజును ఉంచరు. పుంజు లేకపోయినా పెట్ట గుడ్డు పెడుతుంది గానీ అందులో పిండం ఏర్పడదు. మన వాకిట్లో తిరిగే నాటుకోడి గుడ్డు అలా కాదు. ఒకసారి పుంజుతో కలిసిన పెట్ట ఆ తర్వాత వారం పది రోజుల దాకా పెట్టే గుడ్లు పొదిగితే పిల్లలవుతాయి.

ఈ వ్యాసం రాయడానికి ఒక కారణం ఉంది. సెలవులు అయిపోయి హాస్టల్‌కు బయలుదేరేటప్పుడు మనలో చాలామందికి అమ్మ చేతిలో పెట్టే డబ్బు కోడిని అమ్మగా వచ్చినదే. నాటుపెట్ట ఏడాది మొత్తానికి పెట్టేది 60 అటూ ఇటూ గుడ్లు. పది పన్నెండు గుడ్లు పెట్టి ఆపేస్తుంది, మూడు వారాలు పొదుగుతుంది, రెండు మూడు నెలలు పిల్లల్ని వెంటేసుకుని తిరుగుతుంది. ఆ తర్వాతే మళ్లీ గుడ్డు. కాబట్టి ఒక పొదుగు మురిగిపోయిందంటే ఆ ఇంటికి నెలల రాబడి పోయినట్టే.

జంతుశాస్త్రం ప్రయోగశాలలో 24 గంటల కోడిపిండం, 48 గంటల కోడిపిండం, 72 గంటల కోడిపిండం అని స్లైడ్లు ఉంటాయి. వాటి బొమ్మలు గీసి రికార్డులో మార్కులు తెచ్చుకుంటాం. 48 గంటల స్లైడులో గుండె కనబడుతుంది. అంటే అమ్మ గుడ్లు పెట్టి గంప కింద కోడిని కూర్చోబెట్టిన రెండో రోజు ముగిసేసరికే లోపల గుండె కొట్టుకుంటోందన్నమాట. 72 గంటలకు కాళ్లూ రెక్కలూ మొలిచే చోట చిన్న బుడిపెలు వస్తాయి. ఈ స్లైడు ఏదీ చూడకుండానే మన అమ్మలు 21 రోజుల లెక్క వేలి కణుపుల మీద చెప్తారు.

పొదుగు చెడేది ఎక్కువగా గంపలో కాదు, గంపలో పెట్టకముందే. గుడ్డు బయటికొచ్చాక చల్లబడితే పిండం పెరగడం ఆగి నిద్రలో ఉన్నట్టు ఉంటుంది. సుమారు 21 డిగ్రీలు దాటితే ఆ నిద్ర మెల్లగా చెదురుతుంది. మన ఏప్రిల్, మే నెలల్లో రేకుల ఇంట్లో ఉండే వేడికి పిండం సగం సగం పెరిగి చచ్చిపోతుంది. ఎండాకాలం గుడ్లు మురుగుతాయని పెద్దవాళ్లు అనేది ఇందుకే. దీనికి ఖర్చు లేని ఉపాయం ఉంది. కుండ పెట్టుకునే చల్లటి మూల మట్టి మూకుడులో తడి ఇసుక పోసి, దాని మీద బుట్టలో గుడ్లు ఉంచి, పలుచటి బట్ట కప్పాలి. గుడ్డు తడవకూడదు. సన్నని కొన కిందికి, బొద్దు కొన పైకి ఉండాలి. వారం దాటిన గుడ్లు కూరకు వాడుకుని, వారంలోపు పెట్టినవే పొదుగుకు వేయడం మేలు.

గుడ్డుకు పేడ అంటితే కడిగి పెట్టే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. గుడ్డు పెంకులో వేల సంఖ్యలో సన్నటి రంధ్రాలుంటాయి. వాటి మీద కంటికి కనబడని పొర ఒకటి కాపలా కాస్తుంది. కడిగితే ఆ పొర పోయి క్రిములు లోపలికి దూరతాయి. పొడిబట్టతో తుడిస్తే చాలు, మరీ మురికిదైతే పక్కన పెట్టేయాలి.

గంపలో ఇనుపముక్క, బొగ్గు, ఎండుమిరపకాయ వేస్తే ఉరుములకు గుడ్లు చెడవని నమ్మకం. ఉరుము వల్ల గుడ్డు చెడుతుందనడానికి ఆధారం లేదు. వేసినందువల్ల నష్టమూ లేదు కాబట్టి అమ్మమ్మలతో ఈ విషయమై తగువు పెట్టుకోవద్దని మా సలహా.

కోడి చేసే పనిని ఓపికగా గమనించండి. పొట్ట దగ్గర ఈకలు రాలి, ఒంటి వేడి నేరుగా గుడ్డుకు తగులుతుంది. ముక్కుతో గుడ్లను రోజుకు ఎన్నోసార్లు దొర్లిస్తుంది. దొర్లించకపోతే పిండం పెంకు లోపలి పొరకు అతుక్కుపోతుంది. రోజుకొకసారి లేచి పావుగంట మేసి వస్తుంది. గుడ్లు చల్లారిపోతాయని కంగారుపడి దాన్ని తరమకూడదు. మేతా నీళ్లూ దగ్గర్లో ఉంటే అదే తొందరగా వచ్చేస్తుంది. నాటుపెట్ట కింద 10 నుంచి 12 గుడ్లు సరిపోతాయి. బాంటం అనే పొట్టి జాతి కోడి ఉంది. జావా దీవిలోని బాంటెన్ రేవు పేరే దానికి వచ్చింది. అది పొదగడంలో గట్టిదే కానీ ఒళ్లు చిన్నది, మామూలు గుడ్లు ఆరేడుకు మించి కప్పలేదు. దాని సొంత గుడ్లు ఒకటి రెండు రోజుల ముందే పిల్లలవుతాయి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో తయారైన వనరాజా వంటి మెరుగు జాతులు గుడ్లు ఎక్కువ పెడతాయి గానీ పొదుగుకు సరిగా కూర్చోవు. ఆ గుడ్లకు నాటుపెట్టే దిక్కు.

పెట్ట లేనప్పుడు థర్మకోల్ పెట్టెలో బల్బు పెట్టి పొదిగించేవాళ్లున్నారు. లోపల ఫ్యాన్ ఉంటే 37.5 డిగ్రీలు, గిన్నెలో నీళ్లతో తగినంత తేమ, 18వ రోజు దాకా రోజుకు కనీసం మూడుసార్లు గుడ్లు తిప్పడం ఇవన్నీ మనమే చూడాలి. కరెంటు పోతే వేడి పడిపోతుంది. ఎల్‌ఈడీ బల్బు వెలుగునిస్తుంది గానీ వేడినివ్వదు, పాతరకం ఫిలమెంటు బల్బే కావాలి. మా అభిప్రాయంలో ఒకటి రెండు కోళ్లున్న ఇంటికి ఈ పెట్టె దండగ.

ఏడో రోజు రాత్రి చీకట్లో గుడ్డు బొద్దు కొన దగ్గర సెల్‌ఫోన్ లైటు పెట్టి చూడండి. సాలెపురుగు కాళ్లలా ఎర్రటి నరాలు కనిపిస్తే పిల్ల పెరుగుతోంది. ఏమీ లేకుండా తేటగా ఉంటే వట్టి గుడ్డు, తీసేయవచ్చు. 18వ రోజు తర్వాత గుడ్లను కదిలించకూడదు. 20వ రోజుకు పిల్ల బొద్దు కొనలోని గాలి గదిని పొడిచి మొదటిసారి ఊపిరి పీలుస్తుంది, లోపలి నుంచే కిచకిచలాడుతుంది. ముక్కు చివరనున్న చిన్న గట్టి మొనతో పెంకు పగలగొట్టడానికి దానికి చాలా గంటలు పడుతుంది. జాలిపడి మనం పెంకు ఒలిస్తే నరాలు తెగి రక్తం కారి చనిపోతుంది. బయటికొచ్చేలోపు మిగిలిన పచ్చసొనంతా పొట్టలోకి తీసుకుంటుంది కాబట్టి రెండు రోజులు మేత లేకపోయినా ఫరవాలేదు.

ఇక్కడి నుంచి అసలు గండం. గద్ద, పిల్లి, ముంగిస కొన్నింటిని ఎత్తుకుపోతే, కొక్కెర తెగులు వాడకట్టు మొత్తాన్ని ఊడ్చేస్తుంది. దీనికి వైద్యం లేదు, ముందు జాగ్రత్తగా టీకా ఒక్కటే ఉంది. అయిదు నుంచి ఏడు రోజుల వయసులో లసోటా మందు కంట్లోనో ముక్కులోనో ఒక చుక్క వేస్తారు. చిక్కేమిటంటే ఒక్క సీసాలో వంద పిల్లలకు సరిపడా మందు ఉంటుంది, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. పది పిల్లల కోసం ఎవరూ సీసా విప్పరు. అందుకని ఈసారి సెలవులకు వెళ్లినప్పుడు మీ వాడలో పొదుగుకొచ్చిన పెట్టలున్న ఇళ్లు ఎన్నో లెక్క తీయండి. అన్నింటికీ ఒకే రెండు మూడు రోజుల్లో గుడ్లు వేయించి, తేదీలు క్యాలెండరు మీద రాసిపెట్టండి. మూడు వారాలకు పిల్లలు దిగుతాయి, నాలుగో వారంలో పశువుల ఆసుపత్రికి ఒక్కరు వెళ్లి ఐసు డబ్బాలో ఒక్క సీసా తెస్తే అందరికీ సరిపోతుంది.