పేరు మూసి తప్పు చూడు

మాది గోరంట్ల. ముప్పై ఒక్క ఏళ్లు వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి, మెడలో ఈలతోనే రిటైరయ్యాను. వాన ఎరుగని ఎర్రనేల మీద సున్నంతో గీతలు గీసి కబడ్డీ ఆడించినవాడికి ఫార్ములా వన్‌తో ఏం పని అని చాలామంది అడిగారు. నేను ఆ ఆటలో కార్లకంటే తీర్పులనే ఎక్కువగా చూశాను. 1997లో మా ఇంట్లో రేసులు చూపే చానల్ వచ్చేది కాదు. హిందూపురంలో తమ్ముడి ఇంటికి బస్సెక్కి పోయి చూసి, రాత్రి ఆఖరు బస్సుకు తిరిగొచ్చేవాణ్ణి. ఇన్నేళ్లు చూశాక నాకు మిగిలినవి ఇవి.

1. దెబ్బ ఎవరికి తగిలిందని కాదు, ఎవరు కొట్టారని చూడాలి

నేను మొదటినుంచి చివరిదాకా చూసిన మొదటి రేసు 1997 అక్టోబర్ 26న స్పెయిన్‌లోని హెరెజ్‌లో జరిగింది. క్వాలిఫయింగ్‌లో విల్నెవ్, షూమాకర్, ఫ్రెంట్జెన్ అనే ముగ్గురు డ్రైవర్లదీ ఒకే టైము: 1 నిమిషం 21.072 సెకన్లు. సెకనులో వెయ్యో వంతు కూడా తేడా లేదు. చాంపియన్‌షిప్‌లో షూమాకర్‌కు ఒక్క పాయింటు ఆధిక్యం. 48వ ల్యాప్‌లో విల్నెవ్ లోపలి వైపునుంచి దూరాడు. షూమాకర్ స్టీరింగ్ తిప్పి అతని కారును గుద్దాడు. గుద్దినవాడు గులకరాళ్లలో ఇరుక్కుపోయాడు. విల్నెవ్ దెబ్బతిన్న కారుతోనే మూడో స్థానంలో ముగించి చాంపియన్ అయ్యాడు.

ఆరోజు స్టీవార్డులు, అంటే రేసులో తీర్పు చెప్పేవాళ్లు, ఇది రేసులో మామూలుగా జరిగేదే అని వదిలేశారు. తర్వాత ఈ ఆటను నడిపే సంస్థ ఎఫ్ఐఏ పెద్దలు కూర్చుని, ఆ ఏడాది చాంపియన్‌షిప్ పట్టికలోంచి షూమాకర్ పేరు తీసేశారు. గెలిచిన రేసులు మాత్రం అతని ఖాతాలోనే ఉంచారు.

ఇంతకు మూడేళ్ల ముందు, 1994లో, ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో అదే షూమాకర్ డేమన్ హిల్‌తో ఢీకొన్నాడు. ఇద్దరి రేసూ ముగిసింది, ఒక్క పాయింటు తేడాతో షూమాకర్ చాంపియన్ అయ్యాడు. శిక్ష లేదు. ఆ వీడియో తర్వాత ఎన్నోసార్లు చూశాను. ఫలించిన గుద్దుడుకు కిరీటం, ఫలించని గుద్దుడుకు శిక్ష. షూమాకర్ అంత నేర్పున్న డ్రైవర్‌ను నేను మళ్లీ చూడలేదు. అయినా 1994లోనే ఆ చేయి పట్టుకుని ఆపి ఉంటే 1997 జరిగేది కాదు. బడిలో మొదటి తప్పుకే చెవి మెలిపెట్టిన పిల్లవాడు రెండోసారి ఆలోచిస్తాడు.

2. గీత గీసినాక అది అందరికీ గీతే

కబడ్డీలో కూతకు వెళ్లినవాడి కాలు హద్దుగీత దాటితే ఔట్. వాడు హెడ్‌మాస్టర్ కొడుకైనా, కూలివాడి కొడుకైనా అంతే. కార్ల రేసులోనూ తెల్లగీత ఉంటుంది. నాలుగు చక్రాలూ గీత అవతలికి పోతే ఆ ల్యాప్ టైము చెల్లదు. 2023 జులై 2న ఆస్ట్రియాలో పన్నెండు వందలకు పైగా ఇలాంటి సంఘటనలను చూడాల్సి వచ్చింది. రేసు ముగిసి గంటలు గడిచాక ఎనిమిది మంది డ్రైవర్లకు కొత్త పెనాల్టీలు వేశారు. నాలుగో స్థానంలో వచ్చిన సైంజ్ ఆరుకు పడిపోయాడు.

ఆ రాత్రి చాలామంది ఎఫ్ఐఏను తిట్టారు. నేను తిట్టలేదు. గీత ఉంది కాబట్టి చూశారు. గీత పక్కన గరుకు గులక వేసి ఉంటే డ్రైవర్లే దాటరు, అది వేరే మాట. మా మైదానంలోనూ గీత అవతల కంకర ఉండేది. పిల్లలు ఎంత జాగ్రత్తగా ఆడేవారో!

3. చిన్న జట్టువాణ్ణి చిన్నచూపు చూడొద్దు

2012 మార్చి 25న మలేసియాలో మన నారాయణ్ కార్తికేయన్ హెచ్ఆర్‌టీ అనే చిన్న జట్టు కారు నడుపుతున్నాడు. గ్రిడ్ మీదున్న కార్లలోకెల్లా నెమ్మదైన వాటిలో అదొకటి. తడి ట్రాక్ మీద మొదట జెన్సన్ బటన్ అతన్ని గుద్ది ముందు రెక్క విరగ్గొట్టుకున్నాడు. తప్పు తనదేనని బటన్ ఒప్పుకున్నాడు. తర్వాత వెటెల్, ల్యాప్ వెనకబడిన నారాయణ్‌ను దాటుతూ లోపలికి కోసుకు రావడంతో, నారాయణ్ కారు తాకి వెటెల్ టైరు పగిలింది. ప్రపంచ చాంపియన్ పదకొండో స్థానంలో మిగిలాడు. స్టీవార్డులు నారాయణ్‌కు 20 సెకన్ల పెనాల్టీ వేశారు. వెటెల్ అతన్ని నోటికొచ్చినట్టు అన్నాడు.

వెనకబడినవాడు దారి ఇవ్వాల్సిందే. కానీ దారి ఇచ్చినవాడి ముందుకు అంత దగ్గరగా వచ్చిపడటం దాటేవాడి తొందరపాటు. ఆ రోజు బటన్ చూపిన పెద్దరికం వెటెల్ చూపలేదు. అదే నారాయణ్ 2005లో ఇండియానాపొలిస్‌లో నాలుగో స్థానంలో వచ్చి, ఫార్ములా వన్‌లో పాయింట్లు తెచ్చిన మొదటి భారతీయుడయ్యాడు. ఆరే కార్లు పరుగెత్తాయి కదా అని పెదవి విరిచేవాళ్లున్నారు. ఆ ఆరింటిలో ఒకటి కావడానికి కోయంబత్తూరు నుంచి అక్కడిదాకా పోవాలి!

4. వైరం ట్రాక్ మీద ఉండాలి

సెన్నా, ప్రోస్ట్‌ల గొడవ నాకు వీడియోల్లోనే తెలుసు. 1989లో సుజుకాలో ఇద్దరూ ఢీకొన్నారు. సెన్నా మళ్లీ కదిలి రేసు గెలిచాడు, కానీ మలుపు వదిలేసి ట్రాక్‌లోకి వచ్చాడని అతన్ని తీసేశారు. ప్రోస్ట్ చాంపియన్. ఏడాది తిరిగాక అదే సుజుకాలో మొదటి మలుపులోనే సెన్నా ప్రోస్ట్‌ను గుద్దాడు. అది కావాలనే చేశానని మరుసటి ఏడాది తానే చెప్పాడు. సెన్నా అభిమానులు నన్ను క్షమించాలి, అది ప్రాణాలు తీయగలిగిన పని. 1994లో సెన్నా చనిపోయినప్పుడు సావోపాలోలో శవపేటిక మోసినవాళ్లలో ప్రోస్ట్ ఉన్నాడు. ఆ ఫొటో మా స్టాఫ్‌రూమ్ బల్ల అద్దం కింద చాలా ఏళ్లు పెట్టుకున్నాను.

5. ముగింపు బాగుండాలని నియమం వంచకూడదు

ఇది నాకు బాగా నొప్పి పెట్టిన పాఠం.

2021 డిసెంబర్ 12. అబుదాబి. హామిల్టన్, వెర్స్టాపెన్ ఇద్దరికీ సమానంగా 369.5 పాయింట్లు. హామిల్టన్ హాయిగా ముందున్నాడు. ఐదారు ల్యాప్‌లు ఉండగా లటిఫీ గోడను గుద్దాడు, కార్లన్నిటినీ వెనక నెమ్మదిగా నడిపించే సేఫ్టీ కార్ వచ్చింది. వెర్స్టాపెన్ కొత్త సాఫ్ట్ టైర్లు వేసుకున్నాడు. హామిల్టన్ కింద అరిగిపోయిన హార్డ్ టైర్లు. ఇద్దరి మధ్యా ఒక ల్యాప్ వెనకబడిన కార్లు ఐదు. ముందు వాటిని పోనివ్వం అన్నారు. తర్వాత రేస్ డైరెక్టర్ మైకేల్ మాసీ ఆ ఐదింటిని మాత్రం ముందుకు పొమ్మన్నాడు. వెనకున్న మిగతా వాటిని వదల్లేదు. సేఫ్టీ కార్ ఇంకో ల్యాప్ తిరగాల్సింది, వెంటనే లోపలికి పోయింది. ఒక్క ల్యాప్ రేసు. వెర్స్టాపెన్ చాంపియన్. మెర్సిడెస్ ఫిర్యాదులను స్టీవార్డులు కొట్టేశారు. ఫిబ్రవరిలో మాసీని ఆ పదవినుంచి తప్పించారు. మార్చిలో ఎఫ్ఐఏ నివేదిక ఆ రోజు జరిగినదాన్ని మానవ తప్పిదం అంది. ఫలితం మాత్రం మారలేదు.

వెర్స్టాపెన్‌లో తప్పు లేదు. ఆ సీజన్ అంతా అతను చాంపియన్‌లాగే నడిపాడు. తప్పు నిర్ణయానిది. రేసు సేఫ్టీ కార్ వెనక చప్పగా ముగియకూడదన్న తాపత్రయానిది.

ఆ తాపత్రయం నాకు తెలుసు. ఒక ఏడాది మండల స్థాయి కబడ్డీ ఫైనల్‌కు నేనే రెఫరీని. ఆట మా ఊరి మైదానంలో. స్కోరు సమానం, చివరి కూత. మావాడు మధ్యగీత దాటి ఒకణ్ణి ముట్టి వచ్చాడు, కానీ తిరిగి వచ్చేటప్పుడు మధ్యగీతకు రెండడుగుల దూరంలో కూత తెగింది. నాకు స్పష్టంగా వినిపించింది. చుట్టూ రెండు వేలమంది అరుస్తున్నారు. ఈల నోట్లోనే ఉంది, ఊదలేదు. మావాళ్లు గెలిచారు. అవతలి జట్టులో పట్టుకోవడానికి దిగిన పిల్లవాడు ఒక్కమాటే అన్నాడు: "కూత తెగింది సార్." నేను విననట్టు స్కోరు పుస్తకం రాసుకున్నాను. ఆ పిల్లవాడు మరుసటి ఏడాది ఆటలకు రాలేదు. తర్వాత వాళ్ల పీఈటీని అడిగితే, కబడ్డీ మానేశాడన్నాడు. మాసీని టీవీలో చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

6. కొలతకు పేరు తెలియదు

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో విద్యుత్ కార్ల ఫార్ములా ఈ రేసు. హుస్సేన్‌సాగర్ ఒడ్డున, సచివాలయం పక్కన, మామూలు రోజుల్లో ఆటోలు తిరిగే రోడ్డు మీద 2.83 కిలోమీటర్ల ట్రాక్. మనవణ్ణి తీసుకుని హిందూపురంలో రైలెక్కాను. 2013లో గ్రేటర్ నోయిడా బుద్ధ్ సర్క్యూట్‌లో ఫార్ములా వన్ ఆగిపోయాక, మన దేశానికి ప్రపంచ చాంపియన్‌షిప్ రేసు కార్లు రావడం అదే మొదటిసారి. ఇంజిన్ శబ్దం ఉండదు, ఈల లాంటి సన్నని కూత, టైర్ల ఏడుపు. "తాతా, ఇది నీ ఈలే" అన్నాడు వాడు.

మొదటి స్థానంలో బయలుదేరింది జాగ్వార్ డ్రైవర్ మిచ్ ఎవాన్స్. టాటాల జట్టు కాబట్టి జనం చప్పట్లు ఎక్కువ. హెయిర్‌పిన్ మలుపులో అతని సొంత జట్టువాడు శామ్ బర్డ్ వచ్చి అతన్నే గుద్దాడు. ఒకే ఇంటి కార్లు రెండూ పాడైపోయాయి. ఆఖరున జాన్ ఎరిక్ వెర్న్ బ్యాటరీలో తక్కువ శక్తి మిగిలి ఉన్నా నిక్ కాసిడీని దాటనివ్వకుండా అడ్డుకుని గెలిచాడు. నేను కళ్లారా చూసిన గొప్ప డ్రైవింగ్ అదే.

మూడో స్థానంలో గీత దాటినవాడు సెబాస్టియన్ బ్యూమీ. వాడకూడనంత పవర్ అతని కారు వాడిందని 17 సెకన్లు కలిపారు. డా కోస్టా మూడోవాడయ్యాడు. అతనికది నూరో రేసు. "ఇంత చిన్నదానికా తాతా?" అని మనవడు నొచ్చుకున్నాడు. చిన్నదైనా అది అంకె. కారులోని యంత్రం చూపిన అంకె. బ్యూమీ అయినా, వెర్న్ అయినా అదే లెక్క. నాకు నచ్చిన శిక్ష అది.

మరుసటి ఏడాది ఆ రేసు రాలేదు. మళ్లీ రావాలని నా కోరిక.

7. ఈల ఊదేవాడికి జీతం ఉండాలి

ఫార్ములా వన్ స్టీవార్డుల్లో ఎక్కువమంది స్వచ్ఛందంగా వచ్చేవాళ్లే. రేసు రేసుకూ బృందం మారుతుంది. 2010 నుంచి వాళ్లలో ఒక మాజీ డ్రైవర్ ఉంటున్నాడు, అది మంచి మార్పు. డ్రైవర్ తప్పులకు వేసే పెనాల్టీ పాయింట్లు 12 నెలల్లో 12 అయితే ఒక రేసు నిషేధం. 2024లో మాగ్నుసెన్ అలా బాకు రేసుకు దూరమయ్యాడు. నియమాల పుస్తకం బాగానే ఉంది. చదివే కళ్లు ప్రతి ఆదివారం మారుతున్నాయి. అందుకే ఒకే రకం తోపుకు ఒకచోట ఐదు సెకన్లు, ఇంకోచోట పది, మరోచోట ఏమీ లేదు.

ఎఫ్ఐఏ ఒకే స్టీవార్డుల బృందాన్ని జీతమిచ్చి సీజన్ అంతా తిప్పాలి. అభిమానులకూ ఒక మాట. ఈసారి రేసు చూసేటప్పుడు గుద్దుడు మళ్లీ వేసి చూపిస్తే, డ్రైవర్ పేరు కనిపించే చోట టీవీ మీద చేయి అడ్డం పెట్టి, ముందు మీ తీర్పు చెప్పండి. ఆ తర్వాతే చేయి తీయండి.