తుపాకికి తగిన నూనె

1959వ సంవత్సరపు ఆయుధచట్టము ననుసరించి అనుమతి పొంది, పంటరక్షణకై నాటుతుపాకి నుంచుకొన్న మన సభ్యులు నూనె విషయమున శ్రద్ధ వహింపవలెను. అడవిపందులు వేరుసెనగ చేనిపై బడిన రాత్రి మీట బిగిసికొనెనేని, ఆ తుపాకి బెదరింపు మ్రోతకైనను పనికిరాదు.

నూనె చేయవలసిన పనులు రెండు: తుప్పు రానీయకుండుట, కీళ్లను తేలికగా కదలనిచ్చుట. ఇంటనుండు నూనెలు ఇందుకు చాలవు. నువ్వులనూనె గాలి తగిలి క్రమముగా జిగురగును. ఆముదము చలికి చిక్కబడును. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల సెంటిగ్రేడునకు దిగువను పేరుకొనును. కిరసనాయిలు మురికిని కడుగునుగాని త్వరలో ఆవిరియై పోవును. అవిసెనూనె ఎండి పొరకట్టును. ఆ గుణముచేతనే అది కొయ్యభాగమునకు మేలు, కీళ్లకు కీడు. కుట్టుమిషనుకు వాడెడి పలుచని ఖనిజతైలము అట్లు జిగురుకట్టదు. మేము సూచించునది అదియే.

అయినను, మసిపై పూసిన నూనె వ్యర్థము. నల్లమందు కాలగా మిగులు లవణములు తేమను పీల్చి తుప్పు కలిగించును. అవి నూనెకు గాక నీటికే కరగును. కావున కాల్చిననాడే, తుపాకిలో మందు లేదని నిశ్చయించుకొని, గొట్టమును వేడినీటితో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, బాగుగా ఆరినపిదప నూనె పలుచగా పూయవలెను. మరల మందు కూరుటకు ముందు గొట్టములోని నూనెను తుడిచివేయవలెను. లేనిచో మందు చెమ్మగిల్లి అంటుకొనకపోవచ్చును.